రెండో గొంతు

మామ పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను పెనుబల్లిలో ఉన్నాను. స్నేహితురాలి పాపకు పుట్టువెంట్రుకలు తీస్తుంటే, కొబ్బరిచిప్పలు పంచిపెడుతున్నాను. అత్త గొంతు మామూలుగానే ఉంది. "మీ మామ లేడే. జల్దీ రా," అంది. నేను "ఏ మామ?" అని అడిగాను. నాకున్నదే ఒక్క మేనమామ. అత్త ఫోన్ పెట్టేసింది. ఆ ప్రశ్న ఎందుకు అడిగానో నాకిప్పటికీ తెలియదు. బహుశా ఆ రెండు క్షణాలైనా ఆ మాట ఇంకెవరి గురించో అయి ఉండాలని అనుకున్నానేమో.

పెనుబల్లి నుంచి పినపాక దగ్గర మా ఏటి ఒడ్డు ఊరికి మూడు బండ్లు మారాలి. జూలూరుపాడులో బస్సు ఆపి డ్రైవర్ తాపీగా టీ తాగుతుంటే, దిగి ఆ గ్లాసు లాక్కుని పారేద్దామనిపించింది. ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మామను అరుగు మీద పడుకోబెట్టారు. పంచె మోకాళ్ల దాకా ఇంకా తడిగానే ఉంది. వాగులో బట్టలు ఉతకడానికి పోయిన ఆడవాళ్లు చూశారట. బండకు ఆనుకుని, కాళ్లు నీళ్లలో పెట్టుకుని, తల కొంచెం పక్కకు వంచి కూర్చుని ఉన్నాడట. వాళ్లలో ఒకామె నా చెయ్యి పట్టుకుని, "ఎప్పట్లెక్కనే ఇంటుండు అనుకున్నం బిడ్డా, అందుకే జల్ది దగ్గరికి పోలే," అని ఏడ్చింది.

మామకు ఊపిరితిత్తులు బాగా లేవు. చలిలో, మంచులో తిరగొద్దని దవాఖానాలో గట్టిగా చెప్పారు. అయినా ఈ చలికాలమంతా తెల్లారకముందే లేచి మడుగు దగ్గరికి పోయేవాడు. వల వేయడం చలి మొదలవకముందే మానేశాడు కాబట్టి వలకోసం కాదు. శవం పక్కన కూర్చుని అత్త అదే మాట మళ్లీ మళ్లీ అంటోంది. "ఒద్దంటే ఇనకపాయె. అంత పొద్దుగాల ఆ మంచుల నీకేం పనయ్యా అంటే నవ్వెటోడు." ఆయనకు అక్కడ ఉన్న పనేమిటో చెప్పడానికే ఇది రాస్తున్నాను. చెప్పాక మీరు నన్ను ఏమన్నా పడతాను.

ముందు నీటికుక్క అంటే ఏమిటో చెప్పాలి. అది కుక్క కాదు. ముంగిసను నీళ్లలో నానబెట్టి నాలుగింతలు చేసినట్టుంటుంది. ఒడ్డులో బొరియ తవ్వుకుని కుటుంబమంతా కలిసి ఉంటాయి, చేపలు తింటాయి, ఒకదాన్నొకటి ఈలలతో పిలుచుకుంటాయి. మా వాగు గోదారిలో కలిసేచోట ఒక మడుగు ఉంది. మామ చిన్నప్పుడు ఆ చుట్టుపక్కల ప్రతి మడుగులోనూ నీటికుక్కలు ఉండేవట. నాకు ఊహ తెలిసేసరికి ఈ ఒక్క మడుగులోనే మిగిలాయి. మిగతా జాలరులకు అవంటే ఒళ్లుమంట. వలలు చింపుతాయి, పడ్డ చేపను సగం కొరికి పోతాయి. మామ మాత్రం పొద్దున వల ఎత్తగానే ఒక చేప తీసి బండ మీద పెట్టేవాడు. అది వాటి వాటా.

దాని మీద ఇంట్లో రోజూ రభసే. "ఇంట్ల కూరకు లేకున్నా నీటికుక్కలకు మాత్రం పెట్టొస్తడు. వాటికే కట్టబెట్టకపోయిండ్రా నన్ను," అని అత్త గిన్నెలు ఎత్తి పడేసేది. మామ టీ సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ, "అవి తోలకపోతే నా వలల చేపెక్కడిదే? కూలి ఇయ్యనా?" అనేవాడు. ఆ మాటలో నిజముంది. అవి వరసగా ఈదుతూ చేపల్ని లోతు నుంచి ఒడ్డుకు తరుముతాయి, ఆ దారిలో మామ వల కట్టేవాడు.

నన్ను కోడలా అనేవాడు. నేను డిగ్రీలో జువాలజీ తీసుకున్నానని తెలిసినప్పుడు, "ఏంది కోడలా, జంతువుల మీద సదువా? అవి సదివినయా నీ మీద?" అన్నాడు. బీడీని రెండు ముక్కలు చేసి సగం చెవి వెనక పెట్టుకునేవాడు. ఎవరైనా ఫోటో తీస్తానంటే మొహం తిప్పేసుకునేవాడు. బాయిలర్ కోడి అంటే ఎందుకో చిరాకు, పెళ్లిళ్లలో వడ్డిస్తే ఆకు మడిచి లేచేవాడు. పడవలో కూర్చున్నప్పుడు కళ్లు మూసుకునే ఉండేవాడు. నిద్రపోతున్నాడేమో అనుకుంటే, గట్టు మీద ఎవరు నడుస్తున్నారో పేరుతో సహా చెప్పేవాడు. "కంటికి రెప్పలున్నయ్, చెవికి లేవు. దేవుడు దేన్ని ఎక్కువ పని చేయమన్నడో తెలుస్తలేదా?" అనేవాడు.

ఆయనకో పట్టింపు ఉండేది. ఏటి దగ్గర ఎవరినీ ఉత్తపుణ్యానికి పిలవకూడదు. నాకు పదేళ్లప్పుడనుకుంటా, ఆయన అవతలి ఒడ్డున వల ఆరేసుకుంటుంటే నేను ఇవతల నుంచి "మామా, ఓ మామా" అని కేక పెట్టాను. వల అక్కడే పడేసి, పడవెక్కి, ఎదురుగాలికి తెడ్డు వేసుకుంటూ వచ్చాడు. చెమటలు కారుతున్నాయి. ఏందన్నాడు. ఏం లేదు, ఊరికే పిలిచానని నవ్వాను. తిట్టలేదు. తపేలా నా చేతికిచ్చి, పడవలో చేరిన నీళ్లు తోడమన్నాడు. పొద్దు వాలే దాకా తోడించాడు. దిగేటప్పుడు మాత్రం, "ఏటికాడ పిలిస్తే పానం మీదికొచ్చిందనుకుంటరు. పనుంటేనే పిలవాలె," అన్నాడు. మా వైపు ఏటి మీద బతికేవాళ్లందరికీ ఉన్న కట్టుబాటే అది. వరద రోజుల్లో ఒక కేకకు పడవ దింపిన మనుషులు వాళ్లు.

మామ నీటికుక్కలా ఈల వేయగలడు. అచ్చం తల్లి పిల్లల్ని పిలిచినట్టే. చిన్నప్పుడు ఒక్కసారి ఇంట్లో, తలుపులేసి, నాకు వినిపించాడు. ఏటి ఒడ్డున వేసి చూపించమని ఎంత బతిమాలినా వేయలేదు. "అవి వస్తయ్. వచ్చినంక ఏం చెప్త వాటికి?" అన్నాడు.

మూడేళ్ల కింద యూనివర్సిటీ నుంచి ఒక మేడం వచ్చింది. అంతకుముందు ఆమె గంగానదిలో డాల్ఫిన్ల మీద పనిచేసింది. ఆ నీళ్లు ఎంత మురికంటే డాల్ఫిన్ పక్కనుంచి పోయినా కనబడదట. అందుకని నీళ్లలోకి మైకు దింపి, వినబడే చప్పుళ్లను బట్టి అవి ఎక్కడున్నాయో, ఎన్ని ఉన్నాయో అంచనా కట్టేవాళ్లట. మా మడుగులో నీటికుక్కల్ని కూడా అలాగే గొంతులతో లెక్కపెట్టాలని ఆమె ఆలోచన. ఒడ్డున చెట్లకు రికార్డర్లు కట్టాలి, అవి రోజంతా వింటాయి, వారానికోసారి మెమరీ కార్డు మార్చాలి. ఊళ్లో జువాలజీ చదివిన పిల్ల కావాలంది. అలా నాకు ఉద్యోగం వచ్చింది. మణుగూరులో కిరాయికి గది తీసుకున్నాను.

తొందరకు కారణం ఉంది. వాగు కలిసేచోట ఇసుక తీయడానికి ఎవరో వేలంలో పాట పాడుకున్నారు. లారీలు దిగడానికి ఒడ్డు కోసి బాట వేయాలి. నీటికుక్కల బొరియలన్నీ ఆ ఒడ్డులోనే ఉన్నాయి. మేడం తిరిగి తిరిగి, దాని మీద ఒక కమిటీని కూర్చోబెట్టింది. అక్కడ నీటికుక్కలు కాపురముంటున్నాయని, తాము కూర్చునే నాటికి కనీసం ఒక జంట అయినా ఉందని రుజువు చూపిస్తే బాటను దిగువకు జరుపుతాం, లేకపోతే లేదు, అన్నారు వాళ్లు. కెమెరాలు కడితే రెండుసార్లూ ఎవరో ఎత్తుకుపోయారు. ఇక మిగిలిన రుజువు గొంతే.

రికార్డర్‌ను మామ డబ్బా అనేవాడు. మొదటిరోజు దాని చుట్టూ తిరిగి చూసి, "చెవులైతే పెట్టిండ్రు, మరి బుద్ధి యాడ పెట్టిండ్రు?" అన్నాడు. కానీ నేను లాప్‌టాప్ తెచ్చి గొంతుల బొమ్మలు చూపించిన రోజు చాలాసేపు కూర్చున్నాడు. ఒక్కో ఈల తెర మీద ఒక్కో గీతలా కనబడుతుంది, ఏ గీత ఎవరిదో కంప్యూటర్ పోల్చి చెబుతుంది. కంప్యూటర్ పోల్చేలోపే మామ చెప్పేసేవాడు. ఇది తల్లి. ఇది పోయినేడు పుట్టిన మొండి పిల్ల, పిలిస్తే రాదు. ఇది మగది, కడుపు నిండితేగాని మాట్లాడదు. అట్లా ఏడు గొంతులు తేలాయి. మేడం ఆ రోజు మామకు దండం పెట్టింది. ఆయన సిగ్గుపడి బయటికి పోయి, చెవి వెనకున్న సగం బీడీ వెలిగించాడు.

మీరు నన్ను తిట్టుకునే చోటికి వచ్చాను.

ఒక సాయంత్రం నేనూ మామా తుంగలో కూర్చుని ఉండగా తల్లి బయటికొచ్చి పిల్లల్ని పిలిచింది. అంత దగ్గరగా, అంత తేటగా ఎప్పుడూ దొరకలేదు. చేతిలో ఉన్న మైకుతో మొత్తం పట్టాను. చివర్లో సంతోషం పట్టలేక "మామా, విన్నవా?" అని గుసగుసలాడాను, అది కూడా అందులో పడింది. ఆ రాత్రి దాన్ని వాట్సాప్ స్టేటస్‌గా పెట్టాను. మన వాగు గొంతు అని రాసి, పక్కన రెండు గుండె బొమ్మలు. నా మొహం. ఊరి గ్రూపుల్లో తిరిగింది. ఎవరో తెలియని నంబరు నుంచి, అక్కా ఫుల్ ఆడియో పంపు అని అడిగితే, జనానికి జంతువుల మీద ఇష్టం పెరుగుతోందని మురిసిపోయి పంపాను.

తర్వాత మూడు వారాలకు మణుగూరులో నా గదిలో కూర్చుని కార్డు వింటున్నాను. పట్టపగలు, కింద కూరగాయల బండి అరుపులు వినబడుతున్నాయి. తల్లి పిలుపు వచ్చింది. పిల్లలు పలికాయి, దగ్గరికొస్తూ పలికాయి. నేను కాగితం మీద గుర్తు పెట్టుకుంటున్నాను. అప్పుడు హెడ్‌ఫోన్లో నా గొంతే వినబడింది. "మామా, విన్నవా?"

అది రికార్డయిన రోజు నేను మడుగు దగ్గర లేను. భద్రాచలంలో ఉన్నాను.

మళ్లీ అదే పిలుపు మొదటినుంచి వచ్చింది, మళ్లీ చివర్లో నా గొంతు. ఎవరో నేను పంపిన ఆడియోను స్పీకర్ పెట్టి తిప్పి తిప్పి వేస్తున్నారు. మధ్యలో నీళ్లు కొట్టుకున్న చప్పుడు, ఇద్దరు ముగ్గురు మగవాళ్ల మాటలు, పిల్లల అరుపు. ఆ అరుపు విని అసలు తల్లి కూడా వచ్చింది. దాని గొంతు నాకు తెలుసు. నా గొంతు ప్రతిసారీ అదే ప్రశ్న అడుగుతోంది, ప్రతిసారీ పలికే గొంతులు తగ్గిపోతున్నాయి. ఫారెస్టు వాళ్లు వెతికితే గట్టున తెగిన వల ముక్క, రక్తం మరకలు దొరికాయి. ఎవరన్నది తేలలేదు. వలలు చిరిగిన కోపమో, తోళ్ల కోసమో, అదీ తేలలేదు.

మామకు నోటితో చెప్పే ధైర్యం లేక లాప్‌టాప్ పట్టుకుపోయాను. హెడ్‌ఫోన్లు ఆయన చెవులకు నేనే పెట్టాను. చివరిదాకా విన్నాడు. తీసి, వైరు చుట్టలు చుట్టి, నా ఒళ్లో పెట్టాడు. "నువ్వు పిలిచినవ్ బిడ్డా. అవి వచ్చినయ్," అన్నాడు. ఎప్పుడూ కోడలా అనేవాడు బిడ్డా అన్నాడు. అత్త టీ తెచ్చింది. సాసర్‌లో పోసుకున్నాడు గాని తాగలేదు. ఆయన నా చెంప పగలగొట్టి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. కాళ్లు పట్టుకుని ఏడిస్తే, "ఏడిస్తే ఏమొస్తది, లే, అన్నం తిను," అని నా పళ్లెంలో తనే కూర వేశాడు.

మర్నాడు కూడా బండ మీద చేప పెట్టొచ్చాడు. దాన్ని చీమలు తిన్నాయి. వారం, రెండు వారాలు, నెల. డబ్బాలో కప్పలు, కొంగలు, లారీల హారన్లు తప్ప ఇంకేమీ లేవు. మేడంకు అంతా చెప్పాను. "దొరికిన గొంతు బయట పెట్టొద్దని నీకు మొదటిరోజే చెప్పాల్సింది, నాదీ తప్పే," అంది. ఆమె మంచితనం కూడా నాకు చెంపదెబ్బలాగే తగిలింది. కమిటీ ముందుకు పోయే రోజు దగ్గరపడుతోంది. ఊళ్లో మొహం చూపించలేక, కార్డు మార్చడానికి మధ్యాహ్నం పూట వచ్చి, అత్తను పలకరించి, చీకటి పడకముందే మణుగూరు పారిపోయేదాన్ని.

చలి మొదలైన వారం కార్డులో ఒక గొంతు దొరికింది. తల్లిది కాదు. మొండి పిల్లది, పిలిస్తే రానిది. పిలిస్తే రాకపోబట్టే బతికింది. తెల్లవారుజామున పిలుస్తోంది. అది పిలిచిన కాసేపటికి, కొంచెం అవతల నుంచి ఇంకో గొంతు పలికింది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మళ్లీ పిలిచింది, మళ్లీ పలికింది. కంప్యూటర్ రెండో గొంతును ఎవరిదో పోల్చలేకపోయింది. కొత్త నీటికుక్క, గోదారి వెంట ఎక్కడినుంచో వచ్చి ఉంటుంది అనుకున్నాను. అనుకోవాలని ఉంది కాబట్టి అనుకున్నాను.

బస్సు దిగి ఇంటిదాకా పరుగెత్తాను. మామ అరుగు మీద పాత వల అతుకులు వేస్తున్నాడు. రెండున్నాయి మామా, జంట, అన్నాను. తలెత్తలేదు. "ఒక్కటే ఉన్నది," అన్నాడు. కాదు, డబ్బాలో రెండు గొంతులున్నాయని వాదించాను. దగ్గు వస్తే ఆగి, ఉమ్మి, మూతి తుడుచుకుని, "రెండోదాన్ని లెక్కల రాయకు," అన్నాడు. నాకు కోపం వచ్చింది. నీ చెవి పాతబడింది, డబ్బా అబద్ధం చెప్పదు అన్నాను. ఆయన నవ్వాడు.

"డబ్బా చెప్పదు కోడలా. దానికి నోరేది?" అన్నాడు.

ఆ మాట ఆ రోజే నాకు ఎక్కి ఉంటే. ఆయన మళ్లీ కోడలా అన్నాడన్న సంబరంలో నేను అది తప్ప ఇంకేమీ వినలేదు. మడుగులో జంట ఉందని రిపోర్టు రాశాను. మేడం సంతకం పెట్టింది. కమిటీ బాట పనులు ఆపమంది. ఆ రోజు మణుగూరు నుంచి మైసూర్‌పాక్ తెచ్చి ఇంటింటికీ పంచాను. మామ సగం ముక్క తిని, మిగతాది నా చేతిలోనే పెట్టేశాడు. అప్పటికే మెట్టు ఎక్కితే ఆయాసం వచ్చేది.

మామ పోయిన మూడోనాడు మడుగు ఒడ్డున పిట్టకు పెట్టాం. అన్నం, చేపల కూర, బీడీకట్ట. కాకి రాలేదు. మనసులో ఏదో ఉండిపోయిందని పెద్దవాళ్లు గొణుక్కుంటున్నారు. అత్త అందరి మధ్య నుంచి లేచి, గంపలోంచి ఒక పచ్చి చేప తీసి, నీళ్లలోకి దిగి బండ మీద పెట్టింది. ఏమ్మా ఇదేం పద్ధతి అన్నారెవరో. అత్త తిరిగి చూడలేదు. ఇన్నేళ్లు ఆ చేప కోసమే మొగుడితో కొట్లాడిన మనిషి.

ఆ సాయంత్రం కార్డు తీశాను. మామ పోయిన రోజుది వినాలని కాదు, అసలు వినకూడదనే అనుకున్నాను. కానీ వేలు అక్కడికే పోయింది. తెల్లవారుజాము. మొండి పిల్ల పిలిచింది. రెండో గొంతు పలికింది. మళ్లీ పిలిచింది, పలికింది, ఈసారి ఆలస్యంగా. మూడోసారి పలికిన ఈల మధ్యలో తెగిపోయి, దగ్గు వచ్చింది. మనిషి దగ్గు. చిన్నప్పటి నుంచి ఇంట్లో పక్క గదిలోంచి విన్న దగ్గు.

తర్వాత రెండో గొంతు లేదు. మొండి పిల్ల పిలుస్తూనే ఉంది. కొంగలు లేచాయి, ఎండ పొడ వచ్చి పురుగుల చప్పుడు మారింది, అది ఇంకా పిలుస్తోంది. బట్టల మూటలతో ఆడవాళ్లు నవ్వుకుంటూ వచ్చిన చప్పుడు, తర్వాత వాళ్ల కేక. నేను అంతా విన్నాను. వినాల్సిందాన్ని నేనే కదా.

అత్తకు ముందే తెలుసు, శవం దగ్గర ఏం పనయ్యా అన్నది నలుగురి ముందు దాచడానికే. అడిగితే కొంగు నోట్లో కుక్కుకుని చెప్పింది. చలి మొదట్లో ఒకరోజు మామ మడుగు దగ్గర్నుంచి వచ్చి, ఒక్కతి మిగిలిందే, పిలిచి పిలిచి గొంతు పోతుంది దానికి, అన్నాడట. ఎవరూ పలక్కపోతే వెతుక్కుంటూ పోతుంది, ఎగువకు పోతే నీళ్లలో కరెంటు పెట్టేవాళ్లు, దిగువకు పోతే వలలు, ఎటు పోయినా చస్తుంది అన్నాడట. ఏటి ఒడ్డున పని లేకుండా పెదవి విప్పని మనిషి, ఆ మర్నాటి నుంచి రోజూ పోయి దానికి పలికాడు. నాకెందుకు చెప్పలేదని అడిగాను. "చెప్తే నీ కాయితం కరాబైతది, చెప్పకుంటె అబద్ధం. రెండిట్ల నలిగిండు. రాయకు అని చెప్పిన, ఇనకపాయె అన్నడు," అంది అత్త. ఆ చలిలో ఆయన్ని ఇంకా గట్టిగా ఆపలేదేమని మాత్రం ఆమెను అడగలేకపోయాను. ఆయన్ని అక్కడికి నడిపించింది నేను.

మర్నాడే మేడంకు ఫోన్ చేశాను. కార్డులో ఉన్నదంతా చెప్పాను. విని, "రిపోర్టు దిద్దాలి," అంది. నాకూ తెలుసు. దిద్దిన కాగితం పంపించాం. జంట అని రాసినచోట ఒకటి అని రాశాను, రెండో గొంతు మా మామది అని రాశాను. వచ్చేవారం కమిటీ కూర్చుంటుంది. ఒక్కదాని కోసం బాట జరుపుతారా? రూల్ ప్రకారం జరపనక్కర్లేదు. లారీలవాళ్లు అప్పుడే ఒడ్డున సున్నంతో గీతలు గీసిపోయారు.

ఇది చదివేవాళ్లలో ఆ కమిటీలోని వారెవరైనా ఉంటే, చేతులు జోడించి అడుగుతున్నాను. నేను చేసింది క్షమించమని కాదు. వానలు పడి గోదారి పొంగితే ఎక్కడినుంచైనా ఒక మగది కొట్టుకొచ్చి ఈ మడుగు చేరొచ్చు. మేడం కూడా ఆ ఆశ ఉందనే అంటోంది. కానీ అప్పటిదాకా ఒడ్డు ఉండాలి, ఆ ఒడ్డున అది ఉండాలి. ఒక్క వానాకాలం ఆగండి. ఇంతకన్నా నాకు అడగడం చేతకాదు.

నిన్న తెల్లవారకముందే అత్తా నేనూ మడుగు దగ్గరికి పోయాం. మంచు నీళ్ల మీద మందంగా పరుచుకుని ఉంది. మామ కూర్చునే బండ పక్కన నిలబడ్డాం. కాసేపటికి అవతల తుంగలోంచి అది పిలిచింది. డబ్బాలో వెయ్యిసార్లు విన్నాను గాని ఇంత సన్నగా ఉంటుందనుకోలేదు. నీళ్లలోకి దిగి, మా వైపు ఈది, నడుమ దాకా పైకి లేచి చూసింది. మళ్లీ పిలిచింది.

నా ఫోన్‌లో మామ పలికిన గొంతు ఉంది. నాలుగు నెలలది. ఒక్క వేలు నొక్కితే చాలు. ఫోన్ బయటికి తీశాను గాని నొక్కలేదు. ఈ ఒడ్డున, ఇంకోసారి, ఒక డబ్బాలోంచి దాన్ని పిలిచే హక్కు నాకు లేదు. ఫోన్ జాకెట్టులో పెట్టేసుకున్నాను.

అత్త నా భుజం మీద చెయ్యేసింది. "పలుకు కోడలా," అంది. "అడుగుతుంది కదా."

పెదవులు ముడిచి ఊదాను. గాలి తప్ప ఏమీ రాలేదు. తడి చేసుకుని మళ్లీ ఊదాను, మళ్లీ గాలే. అది నీళ్లలో అలాగే నిలబడి, తల ఇటు తిప్పి, అటు తిప్పి, నా మీదుగా బండ వైపు చూసి ఇంకోసారి పిలిచింది.